మెడ నొప్పికి వ్యాయామం: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా పెంచుకోవాలి

పోయిన ఎండాకాలంలో ఒక టైలరమ్మ మెడకు కాలర్ బెల్టు పెట్టుకుని మా ఫిజియోథెరపీ క్లినిక్‌కి వచ్చింది. పెళ్ళిళ్ళ సీజన్, జాకెట్లు గుట్టలుగా పడి ఉన్నాయట. నాలుగు నెలలుగా కాలర్‌తోనే మిషన్ ముందు కూర్చుంటోంది. "తీస్తే తల నిలవట్లేదు సార్, ముందుకి వాలిపోతున్నట్టుంది" అంది.

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. తల బరువు దాదాపు 5 కిలోలు. నాలుగు నెలలు ఆ బరువులో సగం పని కాలర్ చేసిపెడితే మెడ కండరాలు మోయడం మానుకున్నాయి. మాత్రలు వేసుకున్నన్ని రోజులు హాయిగా ఉండేది, ఆపగానే మళ్ళీ మొదటికొచ్చేది. పరీక్ష చేసి చూస్తే ఆవిడ మెడలో విరిగిందేమీ లేదు, నరం నొక్కుకున్నదీ లేదు. మోయాల్సిన కండరాలకు ఓపిక పోయింది. పోయిన ఆ ఓపికను మాత్రలు గానీ బామ్ గానీ కాపడం గానీ తిరిగి తెచ్చిపెట్టలేవు. తక్కువ మోతాదులో, సరైన కండరానికి, రోజూ పని చెప్తేనే వస్తుంది. ఎలా చెప్పాలో వరసగా రాస్తాను. ఇంట్లో మంచం, కుర్చీ, తువ్వాలు, ఒక రబ్బరు బ్యాండు ఉంటే చాలు.

వ్యాయామానికి ముందు ఇవి చూసుకోండి

ఈ కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా వ్యాయామం పక్కన పెట్టి ముందు డాక్టర్‌కి చూపించుకోండి.

- బండి మీంచి పడ్డాక, మెట్ల మీద జారాక, తలకు దెబ్బ తగిలాక మొదలైన నొప్పి.
- జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోయి, గడ్డం ఛాతీ వైపు వంగకపోవడం.
- చొక్కా గుండీలు పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం కష్టమవడం. నడుస్తుంటే కాళ్ళు తడబడటం. మూత్రం, మలం మీద పట్టు తప్పడం. ఇవి వెన్నుపాము మీద ఒత్తిడి పడుతోందనడానికి సూచనలు కాబట్టి ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి.
- చేతిలో బలం రోజురోజుకీ తగ్గిపోవడం.
- పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ వచ్చి ఉండటం.
- కీళ్ళవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) ఉన్నవాళ్ళకి మెడలో కొత్తగా నొప్పి రావడం. పుర్రెకు దగ్గరగా ఉండే కీళ్ళు వాళ్ళలో వదులై ఉండవచ్చు.

ఉన్నట్టుండి ముందెప్పుడూ ఎరగనంత తలనొప్పి గానీ మెడ నొప్పి గానీ వచ్చి, దానితో కళ్ళు తిరగడం, ఒకటి రెండుగా కనపడటం, మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఛాతీలో బరువు, చెమటలు, దవడ లేదా ఎడమ చెయ్యి లాగడం ఉన్నా అంతే. అది మెడ కాదు, గుండె కావచ్చు. మెడ పట్టేసిందనుకుని బామ్ రాసుకుంటూ కూర్చుని ఆలస్యం చేసుకున్నవాళ్ళు ఉన్నారు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇక చేతిలోకి పాకే నొప్పి, తిమ్మిరి సంగతి. మెడ దగ్గర నరం ఒత్తుకుంటే అది బొటనవేలి వైపు గానీ, మధ్యవేలికి గానీ, చిటికెనవేలి వైపు గానీ జివ్వుమంటూ దిగుతుంది. ఏ వేలికి దిగుతోందన్నదాన్ని బట్టి ఏ నరమో అంచనా వేస్తారు. ఇవి చాలావరకు ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో తగ్గుతాయి. అయినా మీ అంతట మీరు మొదలుపెట్టకుండా ఒకసారి పరీక్ష చేయించుకుని, ఫిజియో చెప్పిన మోతాదులోనే చేయండి.

ఎమ్మారై రిపోర్టు చూసి టెన్షన్ పడకండి

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది నొప్పి కంటే రిపోర్టు చూసి ఎక్కువ భయపడి వస్తారు. "డిస్క్ బల్జ్" (మెడ ఎముకల మధ్య ఉండే మెత్తటి డిస్కు ఉబ్బడం) అని రాశారు, "స్పాండిలోసిస్" (వయసుతో మెడ ఎముకలు, డిస్కులు అరగడం) అని రాశారు, ఇక జీవితాంతం బరువులెత్తకూడదేమో అంటారు. జపాన్‌లో ఏ నొప్పీ లేని 1,211 మందికి మెడ ఎమ్మారై తీసి 2015లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ళలో 87.6 శాతం మందికి డిస్క్ బల్జ్ ఉంది. వీళ్ళెవరికీ నొప్పి లేదు, మళ్ళీ చెప్తున్నాను. జుట్టు నెరిసినట్టే డిస్కులూ మారతాయి. రిపోర్టులో ఆ మాట ఉన్నంత మాత్రాన మీ నొప్పికి అదే కారణమని కాదు, వ్యాయామం మానేయమనీ కాదు.

ఇలాంటి భయమే ఇంకోటి ఉంది. తల 60 డిగ్రీలు వంచి ఫోన్ చూస్తే మెడ మీద 27 కిలోల బరువు పడుతుందన్న బొమ్మ మీరూ చూసే ఉంటారు. అది 2014లో అమెరికన్ సర్జన్ ఒకాయన కంప్యూటర్ మోడల్ మీద వేసిన లెక్క. వంచినకొద్దీ భారం పెరుగుతుందన్నది నిజమే. కానీ మెడ వంగడానికే పుట్టింది. వంచినందుకు కాదు, వంచి గంటలకొద్దీ అలాగే ఉంచినందుకు కండరం అలిసిపోతుంది.

పట్టేసిన మెడకు మొదటి వారం

పొద్దున లేవగానే మెడ ఒక పక్కకి పట్టేసి, వెనక్కి చూడాలంటే ఒళ్ళంతా తిప్పాల్సి వస్తోందా? ఈ వారం బలం పెంచే పనులేవీ వద్దు. అలాగని మంచం మీదే ఉండిపోవద్దు, కాలర్ కూడా వద్దు.

కాపడం పెట్టుకోండి, 15 నిమిషాలు చాలు. వేడినీళ్ళలో పిండిన తువ్వాలైనా, కాపడం బ్యాగైనా సరే. చర్మం కమిలేంత వేడి పెట్టకండి. షుగర్ ఉండి స్పర్శ తగ్గినవాళ్ళు ఇంట్లో ఇంకొకరితో వేడి చూపించుకున్నాకే పెట్టుకోవాలి.

తర్వాత వెల్లకిలా పడుకుని తలని దిండు మీదే దొర్లించండి. కుడికి, మధ్యకి, ఎడమకి. ఎత్తకూడదు, దొర్లించాలంతే. తల బరువు దిండు మోస్తుంది కాబట్టి కండరం బెదరదు. నొప్పి మొదలయ్యే చోటికి వచ్చి ఆగండి, తోసుకుపోకండి. ఒక్కో వైపు ఐదారు సార్లు. మెలకువగా ఉన్నంతసేపు రెండు గంటలకోసారి ఇదే చేయండి. రోజుకొకసారి అరగంట చేయడం కన్నా ఇలా విడతలు విడతలుగా రెండేసి నిమిషాలు చేస్తే పట్టు తొందరగా వదులుతుంది.

రెండో రోజుకో మూడో రోజుకో కూర్చుని కూడా చేయగలుగుతారు. భుజం మీదుగా వెనక్కి చూడటం, చెవిని భుజం వైపు వంచడం, గడ్డం దించడం, ఎత్తడం. స్కూల్లో డ్రిల్లు మాస్టారు నేర్పినట్టు తలని గుండ్రంగా గిరగిరా తిప్పడం మాత్రం వద్దు. దానివల్ల వచ్చే లాభం విడివిడిగా చేసినా వస్తుంది, తల వెనక్కి వాల్చి తిప్పినప్పుడు కొందరికి కళ్ళు తిరుగుతాయి. మామూలు పట్టు చాలామందికి వారం పది రోజుల్లో వదిలిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది: "ఊఁ" కొట్టే వ్యాయామం

మెడకు ముందువైపు, గొంతు గొట్టం వెనక, వెన్నెముకని ఆనుకుని సన్నటి కండరాలు ఉంటాయి. మెడలోని ఏడు ఎముకలనీ ముందు నుంచి పట్టి ఉంచేవి ఇవే. పైకి కనపడవు, చేత్తో తడిమినా దొరకవు. మెడ నొప్పి పాతబడ్డ చాలామందిలో ఇవి నీరసపడతాయి. అప్పుడు వీటి పనిని పక్కల ఉండే కండరాలు మీదేసుకుంటాయి. చెవి వెనక నుంచి ఛాతీ ఎముక దాకా తాళ్ళలా దిగేవి రెండున్నాయి, అద్దం ముందు తల పక్కకి తిప్పితే తేలి కనిపిస్తాయి. అవి రోజంతా మోయడానికి కాదు, తల తిప్పడానికి, ఎత్తడానికి ఉన్నవి. వాటితో రోజంతా కాపలా కాయిస్తే సాయంత్రానికి మెడ రాయిలా బిగుస్తుంది.

లోపలి కండరాలకు మళ్ళీ పని నేర్పే పద్ధతిని ఆస్ట్రేలియాలో క్వీన్స్‌ల్యాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫిజియోథెరపిస్టు గ్వెండలిన్ జల్, ఆమె తోటివాళ్ళు తీర్చిదిద్దారు. క్లినిక్‌లో అయితే బీపీ పట్టీలో ఉండే గాలిసంచి లాంటిది మెడ కింద పెట్టి, బీపీ కొలిచే లెక్కలోనే 20 దగ్గర మొదలుపెట్టి 22, 24 అంటూ 30 దాకా ఒత్తిడి పెంచిస్తాం. ఇంట్లో ఆ పరికరం లేకున్నా మీ వేళ్ళే ఆ పని చేస్తాయి.

వెల్లకిలా పడుకోండి. మోకాళ్ళు మడిచి పాదాలు మంచానికి ఆనించండి. దిండు తీసేసి తల కింద మడిచిన తువ్వాలు పెట్టండి. నుదురు, గడ్డం ఒకే మట్టంలో ఉండాలి. గడ్డం పైకి లేచి ఉంటే తువ్వాలు ఇంకో మడత వేయండి. పెదాలు మూసి, పళ్ళు మాత్రం ఒకదానికొకటి తగలకుండా ఉంచండి. నాలుక కొస పైపళ్ళ వెనక ఆనించండి. ఇలా చేస్తే దవడ దొంగతనంగా సాయం చేయలేదు.

ఇప్పుడు రెండు చేతుల వేళ్ళనీ మెడకు అటూ ఇటూ ఉన్న ఆ తాళ్ళ మీద తేలిగ్గా పెట్టండి. కథ చెప్తుంటే పిల్లలు "ఊఁ" కొడుతూ తల ఊపుతారు చూడండి, అంత చిన్నగా ఊపండి. గడ్డం గొంతు వైపు దిగాలి. తల వెనక భాగం తువ్వాలు మీద అంగుళంలో సగం పైకి జారాలి. తల లేవకూడదు, తువ్వాలుని వెనక్కి నొక్కనూ కూడదు. వేళ్ళ కింద తాళ్ళు మెత్తగానే ఉండాలి. గట్టిపడ్డాయంటే ఎక్కువ చేస్తున్నారని అర్థం, సగానికి తగ్గించండి.

ఆ స్థితిలో మామూలుగా ఊపిరి తీసుకుంటూ 10 సెకన్లు ఆగి, వదలండి. ఇలా 10 సార్లు. రోజుకు రెండు పూటలు.

మొదటి రోజు 10 సెకన్లు ఎవరికో గానీ రాదు. టైలరమ్మకి నాలుగో సెకనుకే తాళ్ళు తేలాయి, దవడ బిగిసింది, ఊపిరి ఆగింది. "ఇంత చిన్న దానికి ఇంత కష్టమా" అని ఆశ్చర్యపోయింది. మూడు సెకన్లకు తగ్గించాం. రెండో వారం ఆరు, మూడో వారం చివర్లో పది. ఆవిడ రాత్రి పడుకునే ముందు, పొద్దున లేవగానే మంచం మీదే చేసేది. వణుకు వచ్చినా, గొంతు పట్టినట్టున్నా అక్కడితో ఆపండి. అలిసిన కండరంతో చేస్తే తప్పు పద్ధతే అలవాటవుతుంది. ఈ వ్యాయామానికి నేను ఇంత చోటు ఇవ్వడానికి కారణం, దీన్ని సరిగ్గా చేసేవాళ్ళు చాలా తక్కువ. వీడియో చూసి గడ్డాన్ని బలంగా లోపలికి గుంజి, రెండు గడ్డాలు వచ్చేలా నొక్కుతుంటారు. దానివల్ల పైన బిగిసిన కండరాలు ఇంకా బిగుస్తాయి.

10 సెకన్ల చొప్పున 10 సార్లు తేలిగ్గా వచ్చాక రెండు మార్పులు చేయండి. ఒకటి, అదే ఊపు కూర్చుని పనిలో కూడా చేయడం. రెండు, పడుకుని "ఊఁ" కొట్టిన స్థితి వదలకుండా తలని తువ్వాలు నుంచి కాగితం దూరేంత మాత్రమే ఎత్తి, 3 నుంచి 5 సెకన్లు ఆపి దించడం. గడ్డం పైకి ఎగిరిందంటే ఇంకా సమయం రాలేదని అర్థం.

వెనక కండరాలు, రెక్కలు, వీపు

పిల్లల్ని వీపు మీద ఏనుగెక్కించుకునేటప్పుడు ఎలా ఉంటామో అలా చేతులు, మోకాళ్ళ మీద ఉండండి. మోకాళ్ళ నొప్పులుంటే మంచం పక్కన నిలబడి మోచేతులు పరుపు మీద ఆనించినా సరిపోతుంది. తలని మెల్లగా కిందికి దించి మోకాళ్ళ వైపు చూడండి. తర్వాత తల వీపుతో సమానంగా వచ్చేదాకా ఎత్తండి, అంతకు మించి ఆకాశం చూడకండి. 10 సార్లు. అదే స్థితిలో తల వీపుతో సమానంగా ఉంచి, కాదన్నట్టు అటూ ఇటూ చిన్నగా 10 సార్లు తిప్పండి.

కూర్చుని చేసేది ఇంకోటి ఉంది. అరచెయ్యి నుదుటికి ఆనించి, చేత్తో తోస్తుంటే తల కదలకుండా ఆపండి. 5 సెకన్లు, 5 సార్లు. అలాగే రెండు పక్కలా, వెనకా. మీ బలంలో ఐదో వంతు చాలు. ఎవరూ గెలవక్కర్లేదు, తల కదలకపోవడమే వ్యాయామం.

రెక్కలు, అంటే వీపు మీద రెండు పక్కలా ఉండే పలక ఎముకలు, మెడకు దగ్గరి చుట్టాలు. మెడ నుంచి దిగే కండరాలు వచ్చి అతుక్కునేది వాటికే. అవి ముందుకి జారిపోతే మెడ లాగుతుంది. రబ్బరు వ్యాయామ బ్యాండు ఒకటి కొనుక్కోండి. లేదంటే పాత సైకిల్ ట్యూబు కోసుకున్నా నడుస్తుంది, పగుళ్ళు లేకుండా చూసుకోండి. దాన్ని బొడ్డు ఎత్తున కిటికీ ఊచకు చుట్టి, రెండు కొసలూ పట్టుకుని నిలబడండి. మోచేతులు పక్కటెముకల్ని రాసుకుంటూ వెనక్కి రావాలి. వీపు మధ్యలో రెక్కలు రెండూ దగ్గరవ్వాలి, భుజాలు చెవుల వైపు లేవకూడదు. రెండు సెకన్లు ఆగి మెల్లగా వదలండి. 12 సార్లు, రెండు విడతలు. చివరి రెండు మూడు సార్లూ కొంచెం కష్టంగా ఉంటేనే బలం పెరుగుతుంది. తేలికైపోతే ఒక అడుగు వెనక్కి వేయండి.

వీపు పైభాగం బిగిసిపోయినవాళ్ళు వీపు సగం దాకా ఆనే కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ మెడ వెనక పెట్టి పట్టుకుని, కుర్చీ పై అంచు మీదుగా వీపుని వెనక్కి వంచండి. మెడ కాదు, వీపు వంగాలి. 8 సార్లు.

సాగదీయడం గురించి కూడా చెప్పాలి, అందరూ ముందు చేసేది అదే. కుడి చేత్తో కుర్చీ కింది అంచు పట్టుకుని తలని ఎడమకి వంచి 30 సెకన్లు ఆపండి. తర్వాత ఎడమ చంక వైపు చూస్తున్నట్టు వంచి ఇంకో 30 సెకన్లు. రెండో వైపు కూడా. హాయిగా ఉంటుంది, ఉపశమనం ఇస్తుంది. కానీ అంతటితో ఆపేస్తే నొప్పి మళ్ళీ వస్తుంది. ఫిన్లాండ్‌లో 25 నుంచి 53 ఏళ్ళ మధ్య వయసున్న 180 మంది ఆఫీసు ఉద్యోగినుల మీద ఏడాది పాటు చేసిన పరిశోధన 2003లో వచ్చింది. అందరికీ మెడ నొప్పి పాతదే. మెడ బలం పెంచే వ్యాయామాలు చేసిన గుంపుకీ, ఓపిక పెంచేవి చేసిన గుంపుకీ నొప్పి బాగా తగ్గింది. సాగదీయడం, నడక లాంటివి మాత్రమే చేయమన్న గుంపు వాళ్ళకంటే వెనకపడింది.

టైము లేదనేవాళ్ళకి రెండు నిమిషాలు

ఇవన్నీ చూసి ఎక్కడ చేస్తాం అనిపిస్తే, ఇది మీకోసం. డెన్మార్క్‌లో మెడ, భుజాల నొప్పి తరచూ వచ్చే 198 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపు వారానికి ఐదు రోజులు, రోజుకు 2 నిమిషాలు రబ్బరు ట్యూబుతో ఒకే ఒక్క వ్యాయామం చేసింది. రెండోది 12 నిమిషాలు చేసింది. మూడోది అసలు చేయలేదు. 10 వారాల తర్వాత చేసిన రెండు గుంపులకూ నొప్పి తగ్గింది, రెంటికీ మధ్య పెద్ద తేడా లేదు. 2011లో ప్రచురించారు.

ఆ ఒక్క వ్యాయామం ఇది. ట్యూబు మధ్యభాగాన్ని పాదం కింద తొక్కి, రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకోండి. మోచేతులు కొద్దిగా వంచి, చేతుల్ని పక్కలకి భుజాల ఎత్తుదాకా లేపి దించండి. కొంచెం ముందుకి, కోడి రెక్కలు విప్పినట్టు. తొందరపడకుండా రెండు నిమిషాలు గానీ, అలిసిపోయేదాకా గానీ. చేతులు ఎత్తితే భుజం కీలులో కలుక్కుమంటే ఇది వద్దు, కిటికీ ఊచ వ్యాయామం చేసుకోండి.

ఎంత నొప్పి వస్తే ఆపాలి

సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే భరించలేను అనుకుని ఒక అంకె వేసుకోండి. చేస్తున్నప్పుడు మూడు దాకా వచ్చినా ఫర్వాలేదు, మర్నాడు పొద్దుటికి మామూలు స్థాయికి దిగితే చాలు. నాలుగైదు దాటినా, మర్నాడు కూడా మిగిలినా మోతాదు సగం చేయండి. పూర్తిగా మానకండి. నొప్పి చేతిలోకి ఇంకా కిందికి దిగుతుంటే, కొత్తగా తిమ్మిరి మొదలైతే, తల తిరుగుతుంటే మాత్రం అక్కడే ఆపి చూపించుకోండి. చేతిలో ఉన్న నొప్పి మెడ వైపు వెనక్కి వెళ్తుంటే అది సాధారణంగా మంచి సూచనే.

కండరం ఒళ్ళునొప్పులు వేరు. మొదటి వారం బ్యాండు లాగాక భుజాల మధ్య సలుపుగా ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో పోతుంది.

వారాల లెక్క ఇలా పెట్టుకోండి. పట్టు ఉంటే మొదటి వారం దొర్లించడం మాత్రమే. రెండో వారం నుంచి "ఊఁ" వ్యాయామం రోజూ. మూడో వారంలో వెనక కండరాలవి, చేత్తో ఆపేది కలపండి. నాలుగో వారం నుంచి బ్యాండు, వారానికి మూడు రోజులు. నొప్పిలో తేడా మూడు నాలుగు వారాల్లో తెలుస్తుంది, నిజమైన బలం రావడానికి మూడు నెలలు పడుతుంది. వీటితో పాటు రోజూ 20, 30 నిమిషాలు చేతులూపుకుంటూ నడవండి. ఫోన్ జేబులో ఉండాలి.

రోజంతా మెడని ఎలా ఉంచుతున్నారు

పని చోట ఒక్కటే సూత్రం: అరగంటకు మించి ఒకే భంగిమలో ఉండకూడదు. టైలరమ్మకి గడియారం చూసే తీరిక లేదు. అందుకని బాబిన్ ఖాళీ అయిన ప్రతిసారీ లేచి నిలబడి, రెక్కలు ఐదుసార్లు దగ్గరకు లాగి, రెండు వైపులా భుజం మీదుగా చూసి, అప్పుడు దారం చుట్టుకోమన్నాను. మందు వేసుకోవడం మర్చిపోయే మనిషి, ఇది మర్చిపోలేదు. బాబిన్ గుర్తు చేసేది. మీ పనిలో కూడా అలాంటిది ఒకటి వెతుక్కోండి. ఫోన్ కాల్ పూర్తవడం, కుక్కర్ విజిల్, కస్టమర్ వెళ్ళిపోవడం, ఏదైనా సరే.

లాప్‌టాప్ కింద పుస్తకాలు పేర్చి తెర పై అంచుని కళ్ళ మట్టానికి తెచ్చి, కీబోర్డు విడిగా పెట్టుకోండి. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్ళే టీచర్లు పేపర్ల కట్ట మీద పరీక్ష ప్యాడ్ ఏటవాలుగా పెట్టుకుని దిద్దితే తల వంపు సగం తగ్గుతుంది. కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరిగేవాళ్ళు పండగ రోజుల్లోనైనా బల్ల మీదకి మారండి. హెల్మెట్‌లోకి ఫోన్ దూర్చి, లేదా చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి బండి నడిపేవాళ్ళని రోజూ చూస్తాను. మెడ సంగతి తర్వాత, ముందు ప్రాణానికే ముప్పు. దయచేసి మానండి.

దిండు ఎత్తు పక్కకి తిరిగి పడుకున్నప్పుడు చూసుకోవాలి. భుజానికీ చెవికీ మధ్య ఉన్న ఖాళీ నిండాలి, ముక్కు ఛాతీ మధ్య గీతకు సూటిగా ఉండాలి. వెల్లకిలా పడుకునేవాళ్ళకి అంతకన్నా పలచటిది సరిపోతుంది. బోర్లా పడుకుంటే రాత్రంతా మెడ ఒక పక్కకి తిరిగి ఉంటుంది, ఆ అలవాటు మెల్లగా మార్చుకోండి.

ఇవి చేయించుకోవద్దు

సెలూన్‌లో కటింగ్ అయ్యాక తల పట్టుకుని టక్కున తిప్పి మెటికలు విరుస్తారు. హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ మెదడుకి రక్తం తీసుకెళ్ళే ధమనులు మెడ ఎముకల్లోని రంధ్రాల గుండా పోతాయి. హఠాత్తుగా తిప్పినప్పుడు ధమని గోడ చీలితే పక్షవాతం రావచ్చు. అరుదే, అయితే వచ్చిందంటే వెనక్కి తీసుకోలేనిది. మసాజ్ వరకు చేయించుకుని, తల తిప్పబోతే వద్దని ముందే చెప్పండి. బ్యూటీ పార్లర్‌లో తల కడిగేటప్పుడు కూడా మెడ బేసిన్ అంచు మీద వెనక్కి వాలి ఉంటుంది. అలా అయ్యాక స్ట్రోక్ లక్షణాలు వచ్చిన ఐదుగురు మహిళల గురించి 1993లోనే అమెరికాలో ఒక న్యూరాలజిస్టు రాశారు. మెడ కింద తువ్వాలు మడత పెట్టించుకోండి, ఎక్కువసేపు వాల్చనివ్వకండి.

నొప్పి ఉన్నన్నాళ్ళు శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం వద్దు. కాలర్‌ని డాక్టర్ ప్రత్యేకంగా చెప్తే తప్ప వాడకండి, వాడినా ఎప్పుడు తీసేయాలో ఆ రోజే అడిగి రాసుకోండి. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే, వద్దని డాక్టర్ చెప్పాక కూడా ఒక్కసారిగా తీయక్కర్లేదు. టైలరమ్మకి మొదటి వారం రోజుకు రెండు గంటలు తగ్గించాం, ప్రతి వారం ఇంకొంచెం. ఐదో వారానికి అది మిషన్ పక్కన మేకుకి వేలాడుతోంది.

మూడు నెలలు గడిచాక వ్యాయామం వారానికి రెండు మూడు రోజులకు తగ్గించుకోవచ్చు, పూర్తిగా వదిలేస్తే వచ్చిన బలం కరిగిపోతుంది. ఆరు వారాలు క్రమంగా చేసినా ఏ తేడా లేకపోతే ఫిజియో దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఎమ్మారై కవరుతో పాటు ఒక కాగితం కూడా తీసుకెళ్ళండి. ఏ వ్యాయామం ఎన్నిసార్లు చేశారు, ఏది చేస్తే నొప్పి పెరిగింది, రోజులో ఏ వేళకి ఎక్కువవుతోంది, ఏ వేలిలో తిమ్మిరి ఉంది అన్నవి అందులో రాయండి. మీరు "ఊఁ" ఎలా కొడుతున్నారో వాళ్ళ ముందు పడుకుని చేసి చూపించండి.